అమ్మానాన్నలతో బొగోటా: నవంబరు 2024లో మా ప్రయాణం ఎలా సాగిందంటే

అమెరికాలో ఉంటున్న చాలామంది తెలుగువాళ్ళు ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులను నయాగరాకో, న్యూయార్కుకో తీసుకెళ్తారు. మేము కొలంబియా రాజధాని బొగోటాకు తీసుకెళ్ళాం. నాన్న ఆదిలాబాదు జిల్లాలో సాంఘికశాస్త్రం మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆండీస్ పర్వతాలు గీసిన మనిషి. హ్యూస్టన్‌లో మా ఇంటి నుంచి ఆ పర్వతాలు ఐదు గంటల విమాన దూరంలోనే ఉన్నాయని తెలిశాక ఆయన ముఖం వెలిగిపోయింది. ఇక వేరే ఊరు వెతకబుద్ధి కాలేదు. ప్రయాణం ఖాయం కాకముందు మేము వెతికిన సమాధానాలు ఒక్కచోట దొరకలేదు. పెద్దవాళ్ళతో వెళ్ళాలనుకునే వారికి పనికొస్తాయని జరిగినవన్నీ జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

మొదట వీసా. భారత పాస్‌పోర్టు ఉన్నా, అందులో అమెరికా వీసా ఉండి, కొలంబియాలో దిగేనాటికి దానికి కనీసం 180 రోజుల గడువు మిగిలి ఉంటే కొలంబియాకు విడిగా వీసా అక్కర్లేదు. అమ్మానాన్నలది పదేళ్ళ సందర్శకుల వీసా కాబట్టి ఇబ్బంది లేదు. మా ఇద్దరివి ఉద్యోగ వీసాలు. వాటి ముద్రల గడువు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాల్సి వచ్చింది. ముద్ర గడువు తీరిపోయి కేవలం ఆమోదపత్రం మీద అమెరికాలో ఉంటున్నవారు ఈ ప్రయాణం పెట్టుకోకూడదు. విడిగా వీసా లేకుండా కొలంబియాలోకి వెళ్ళనివ్వరు, వెళ్ళినా తిరిగి అమెరికాలోకి రావడం కష్టమవుతుంది.

మమ్మల్ని ఎక్కువ రోజులు ఆలోచింపజేసింది ఎల్లో ఫీవర్ టీకా. ఆ వ్యాధి బొగోటాలో వ్యాపించదు, ఎందుకంటే నగరం 2,640 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో ఆ వ్యాధిని మోసే దోమల బెడద ఉండదు. అందుకే బొగోటా వరకే వెళ్ళి వచ్చేవారికి అమెరికాలో వైద్యులు ఈ టీకా సిఫార్సు చేయరు. భారత ప్రభుత్వం మాత్రం నగరాన్ని కాకుండా దేశాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. కొలంబియా నుంచి బయలుదేరిన 6 రోజుల లోపు భారతదేశంలో దిగేవారి దగ్గర టీకా ధ్రువపత్రం లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. పోనీ టీకా వేయించేద్దామా అంటే, 60 ఏళ్ళు దాటినవారికి మొదటిసారి ఈ టీకా వేస్తే అరుదుగానైనా తీవ్రమైన దుష్ప్రభావాలు రావచ్చు. నాన్నకు రక్తపోటు కూడా ఉంది. మా డాక్టరుగారు వివరంగా చెప్పాక టీకా ఆలోచన మానుకున్నాం. అమ్మానాన్నల హైదరాబాదు టికెట్టును డిసెంబరు 20కి మార్పించాం. బొగోటా నుంచి వచ్చాక మా దగ్గర దాదాపు మూడు వారాలుండి వెళ్తారు కాబట్టి ధ్రువపత్రం అవసరం రాదు. టికెట్టు మార్చినందుకు ఇద్దరికీ కలిపి 220 డాలర్లు అయింది. అక్టోబరులో ఆ పని పూర్తయ్యేదాకా నాకు మనసు కుదుటపడలేదు.

నవంబరు 23, శనివారం బయలుదేరాం. విమానానికి ముందు 'చెక్‌మిగ్' అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. ప్రయాణానికి 72 గంటల ముందు నుంచి ఒక గంట ముందు వరకు నింపవచ్చు, ఇది ఉచితం. దీనికి డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని తెలుసుకోండి. అయినా విమానాశ్రయంలో కౌంటరు దగ్గర ఆగిపోయాం. భారత పాస్‌పోర్టులు చూసి అక్కడి ఉద్యోగి "కొలంబియా వీసా ఏది?" అంది. అమెరికా వీసా చాలునని చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. పై అధికారిని పిలిచింది, ఆయన కంప్యూటరులో నిబంధనలు తెరిచి చదివాడు, ఎవరికో ఫోను చేశాడు. నలభై నిమిషాలు నిలబడ్డాం. వీల్‌చెయిరులో కూర్చున్న అమ్మ నా చెయ్యి పట్టుకుని "వద్దంటే ఇంటికి పోదాంలే" అంది. ఆ మాటకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చివరికి బోర్డింగ్ పాసులు ఇచ్చారు. కొలంబియా విదేశాంగ శాఖ నిబంధన ఉన్న పేజీని అచ్చు వేయించి దగ్గర పెట్టుకోండి, కనీసం మూడు గంటల ముందు విమానాశ్రయానికి చేరండి.

బొగోటాలో దిగాక పరిస్థితి పూర్తిగా మారిపోయింది. ఇమిగ్రేషన్ వరుస పెద్దదే. గంట పడుతుందనుకున్నాను. కానీ అక్కడ పెద్దవయసు వారికి, గర్భిణులకు, చంటిపిల్లల తల్లులకు ప్రత్యేక వరుస ఉంది. అమ్మానాన్నలను చూడగానే ఒక ఉద్యోగి మా నలుగురినీ అటు పంపించాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది, పాస్‌పోర్టుల్లో 90 రోజుల ముద్ర పడింది. ఆ తర్వాత బ్యాంకులో, సూపర్‌మార్కెట్‌లో, మ్యూజియంలో ఎక్కడికెళ్ళినా ఇదే చూశాం. బస్సులో నీలిరంగు సీట్లు పెద్దవాళ్ళవి. అందులో కూర్చున్న కుర్రాడు నాన్న ఎక్కడం చూసి, మేము అడగకముందే లేచి నిలబడ్డాడు. ఈ నగరం గురించి బయట వినిపించేవన్నీ దొంగతనాల కథలే. ఆ భయం పూర్తిగా అబద్ధమని నేను చెప్పను. వీధిలో ఫోను చేతిలో పట్టుకుని నడవవద్దని హోటలువాళ్ళే హెచ్చరించారు, చీకటి పడ్డాక మేము కాలినడకన ఎక్కడికీ పోలేదు. కానీ పెద్దల పట్ల ఆ ఊరివాళ్ళు చూపే మర్యాద గురించి ఎవరూ చెప్పకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

విమానాశ్రయం నుంచి హోటలుకు టాక్సీ 45,000 పెసోలు తీసుకుంది. అప్పుడు డాలరుకు సుమారు 4,400 పెసోలు వచ్చేవి కాబట్టి పది డాలర్ల పైచిలుకు. వంటగది ఉన్న హోటలు గదులు తీసుకున్నాం. పర్యాటకులుగా వచ్చిన విదేశీయులకు హోటలు బిల్లు మీద 19 శాతం పన్ను మినహాయింపు ఉంది. అందుకోసం పాస్‌పోర్టు, ప్రవేశ ముద్ర ఉన్న పేజీ నకళ్ళు తీసుకుంటారు. బిల్లులో ఆ పన్ను కలిపి ఉందేమో చూసుకోండి.

మొదటి రాత్రే ఎత్తు ప్రభావం తెలిసింది. ఊటీ కంటే దాదాపు 400 మీటర్లు ఎక్కువ ఎత్తు. అమ్మ మెట్లెక్కి గదిలోకి వచ్చేసరికి ఆయాసపడింది, తలనొప్పి అంది, అన్నం సగంలో ఆపేసింది. నాన్నకు నిద్ర పట్టలేదు. నేను రాత్రి మూడుసార్లు లేచి ఇద్దరి ఊపిరీ విన్నాను. వేలికి పెట్టి చూసే ఆక్సిమీటరు తీసుకెళ్ళాం. హ్యూస్టన్‌లో 97 చూపించేది ఇక్కడ 91, 92 చూపించింది. ఆ ఎత్తులో అది మామూలేనని డాక్టరుగారు ముందే చెప్పి ఉండకపోతే నేను కంగారుపడి ఆసుపత్రికి పరుగెత్తేదాన్ని. ఇంకో ఆశ్చర్యం చలి. భూమధ్యరేఖకు దగ్గరే అయినా రాత్రి తొమ్మిది పది డిగ్రీలకు దిగుతుంది, ఇళ్ళలో గానీ మేమున్న హోటల్లో గానీ హీటర్లు లేవు. అదనంగా రెండు దుప్పట్లు అడిగి తెప్పించుకున్నాం. పెద్దవాళ్ళకు ఉన్ని బనీన్లు, మేజోళ్ళు తప్పక పెట్టుకెళ్ళండి.

ఆదివారం ఎక్కడికీ తీసుకెళ్ళకూడదని ముందే అనుకున్నాం. ఆ నిర్ణయమే మమ్మల్ని కాపాడింది. అయితే ఆదివారం బొగోటాలో గడప దిగితే చాలు. ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా పెద్ద రోడ్లలో కార్లు ఆపేసి సైకిళ్ళకు, నడిచేవాళ్ళకు వదిలేస్తారు. 120 కిలోమీటర్లకు పైగా రోడ్లు అలా ఖాళీ అవుతాయి. సిక్లోవియా అనే ఈ పద్ధతి 1974లో మొదలైంది. అమ్మ, నాన్న నడిరోడ్డు మీద చిన్నగా నడిచారు. పక్కనుంచి తాతలు, మనవలు, కుక్కపిల్లలు, చక్రాల బూట్ల పిల్లలు పోతున్నారు. ఒక బండి దగ్గర నారింజరసం తాగి అరగంట గట్టు మీద కూర్చున్నాం. తూర్పున ఇళ్ళ వెనకే నిట్టనిలువుగా కొండలు. నాన్న వాటిని చూస్తూ "ఇవి తూర్పు శ్రేణివి. ఆండీస్ కొలంబియాలో మూడు పాయలుగా చీలుతుంది" అన్నారు. తరగతిలో చెప్పినట్టే చెప్పారు గానీ గొంతు వణికింది. మేమెవరం ఏమీ మాట్లాడలేదు.

తిండి గురించి. అమ్మానాన్నలు గుడ్డు కూడా ముట్టరు. మాంసం వద్దంటే కోడి తెచ్చిపెడతారు, ముక్కలు తీసేసినా రసం కోడిదే ఉంటుంది. ఊరికి పేరు తెచ్చిన అహియాకో సూపులో మూడు రకాల బంగాళదుంపలు ఉంటాయి, కానీ అదీ కోడి రసంతో చేసేదే. అందుకే సోమవారం పలోకెమావో మార్కెట్టుకు వెళ్ళి సరుకులు తెచ్చుకున్నాం. మేము దిగిన హోటలు వంటగదిలో ప్రెషర్ కుక్కరు ఉండడం చూసి నాకు ఆశ్చర్యం వేసింది. నాన్న వివరించారు: ఇంత ఎత్తులో నీళ్ళు 91 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపటికీ ఉడకదు, అందుకే ఇక్కడి ఇళ్ళలో కుక్కరు తప్పనిసరి. మార్కెట్టులో పొట్టు తీయని మసూర్ పప్పు దొరికింది. టమాటా వేసి అమ్మ పప్పు చేసింది, అన్నంలోకి అరటికాయ వేపుడు. ఆ రోజు నుంచి ఆమెకు ఆకలి తిరిగి వచ్చింది.

ఆ మార్కెట్టులో ఒక దుకాణం దగ్గర అమ్మ ఆగిపోయింది. గోధుమరంగు అచ్చులు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. చిన్న ముక్క విరిచి ఆమె నోట్లో పెట్టుకుంది. "ఇది మన బెల్లమే కదే!" అంది. నిజంగానే చెరకు బెల్లం. దాన్ని వేడినీళ్ళలో కరిగించి, అందులో జున్నులాంటి తెల్ల చీజ్ ముక్కలు ముంచుకుని తాగుతారు, దాని పేరు ఆగ్వాపనేలా. నిమ్మరసం పిండిన గ్లాసు ఒకటి అమ్మకు ఇచ్చారు. రెండో గ్లాసు అడిగి తాగింది. చలికీ, ఆయాసానికీ మాకు, ఎత్తు ఇబ్బందికని అక్కడ తాగే కోకా ఆకు టీ కంటే ఇదే బాగా పనిచేసింది. లక్ష్మణఫలం పళ్ళు మన ఊరి గుమ్మడికాయంతవి కనిపించాయి. వాటి రసాన్ని పాలల్లో కలిపి ఇస్తారు. ఇక పుల్లటి లూలో పండు రసం రుచి నాకు ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

కార్డుతో డబ్బు కట్టేచోట ఒక సంగతి. దుకాణదారు కార్డు తీసుకుని "ఎన్ని వాయిదాలు?" అని అడుగుతాడు. అక్కడ కూరగాయలు కూడా క్రెడిట్ కార్డు వాయిదాల మీద కొనుక్కోవచ్చు. ఒకేసారి కట్టేయాలంటే వేలు ఒకటి చూపిస్తే చాలు. భోజనం చేసే హోటళ్ళలో పది శాతం టిప్పు బిల్లులో కలపమంటారా అని అడుగుతారు. అది ఇష్టాన్ని బట్టే, కాదనవచ్చు.

మంగళవారం బంగారు మ్యూజియం. సోమవారం అది మూసి ఉంటుంది, పక్క వీధుల్లో చిత్రకారుడు బొటేరో పేరున ఉన్న మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది. ఈ రెండూ చూసుకుని రోజులు వేసుకోవాలి. బంగారు మ్యూజియం టికెట్టు అప్పుడు 5,000 పెసోలు, ఆదివారం ఉచితం. కానీ ఆదివారం జనం చాలా ఎక్కువని హోటలువాళ్ళు చెప్పారు. మేము గంటన్నరలో బయటపడతామనుకుంటే నాలుగు గంటలు పట్టింది, కారణం అమ్మ. అక్కడి ముక్కు ఆభరణాలు, చెవి పోగులు, ఛాతీ పలకలు చూస్తూ ప్రతి అద్దం దగ్గరా నిలబడింది. రాగి కలిపిన బంగారంతో చేసినవి చాలా ఉన్నాయి. నమూనా ముందు మైనంతో చేసి, దాని మీద మట్టి మెత్తి, కాల్చి మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారని బొమ్మలతో చూపించారు. "ఓజావాళ్ళు ఇలాగే చేస్తారు" అంది అమ్మ. మా ఆదిలాబాదు డోక్రా పనివాళ్ళ పద్ధతి అదే. ఇత్తడితో చేసే ఆ బొమ్మలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సముద్రాలవతల వేరే మనుషులు ఇదే పద్ధతి కనిపెట్టారన్న విషయం ఆమెను కదిలించింది. ఆ మాటే సాయంత్రందాకా చెబుతూనే ఉంది.

అన్నింటికంటే మించినది ముయిస్కా తెప్ప, ముయిస్కా అనే ఇక్కడి పాతకాలపు జాతివాళ్ళు చేసిన బంగారు బొమ్మ. నేను దాన్ని పెద్ద విగ్రహంగా ఊహించుకుని వెళ్ళాను, కానీ అది జానెడు పొడవు ఉంటుందేమో, అంతే. పల్చటి బంగారు తీగలతో అల్లినట్టున్న తెప్ప. మధ్యలో ఎత్తుగా నాయకుడు, ముక్కుకూ చెవులకూ రేకులు వేలాడుతున్నాయి. చుట్టూ అతని నడుము దాకా కూడా రాని చిన్న మనుషులు, కొందరి చేతుల్లో కర్రలు. కొత్త నాయకుడు ఒంటికి బంగారు పొడి పూసుకుని గ్వాటవిటా సరస్సు మధ్యకు తెప్ప మీద వెళ్ళి, కానుకలు నీళ్ళలో విడిచేవాడని చెప్పుకునే ఆచారమే ఇది అంటారు. ఆ కథే యూరపు వాళ్ళ నోట బంగారు నగరం కథగా మారింది. విమానాశ్రయం పేరు ఎల్ డొరాడో కూడా అందులోంచి వచ్చిందే. 1969లో పాస్కా అనే ఊరి దగ్గర ఒక గుహలో రైతులకు ఈ తెప్ప దొరికింది. దాని ముందు బెంచీ లేదు. నాన్న మోకాళ్ళ నొప్పితోనే చాలాసేపు నిలబడ్డారు. పెద్దవాళ్ళతో వెళ్తే మడత కుర్చీ అనుమతిస్తారేమో ద్వారం దగ్గరే అడగండి.

బుధవారం పాత నగరమైన లా కాండెలారియా వీధులు, బొలీవర్ కూడలి, బొటేరో మ్యూజియం చూశాం. బొటేరో తన బొద్దు మనుషుల చిత్రాలు, శిల్పాలు 123 కొలంబియా కేంద్ర బ్యాంకుకు ఇచ్చేశాడు, ప్రవేశం ఉచితం. అక్కడి గులకరాళ్ళ వీధులు వాలుగా, వానకు జారుతూ ఉంటాయి, కర్ర లేకుండా అమ్మను నడిపించలేకపోయాం. నవంబరులో రోజూ మధ్యాహ్నం వాన పడింది. గొడుగు, పొద్దున్నే బయలుదేరడం, రెండూ అవసరమే. సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుంది.

గురువారానికి హోటలు లిఫ్టులో ముందురోజే ఒక కాగితం అంటించారు. మా ప్రాంతానికి ఉదయం 8 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు నీళ్ళు రావు. వానలు పడుతున్న ఊళ్ళో నీళ్ళ కోత ఏమిటని మేము తెల్లబోయాం. బొగోటాకు 70 శాతం నీళ్ళిచ్చే చింగాసా జలాశయాలు ఆ ఏడాది బాగా అడుగంటాయి. అందుకే 2024 ఏప్రిల్ 11 నుంచి నగరాన్ని తొమ్మిది భాగాలు చేసి వంతులవారీగా నీళ్ళు ఆపేస్తూ వచ్చారు. హోటలుకు పైన ట్యాంకు ఉంది కాబట్టి సాయంత్రం దాకా కుళాయి సన్నగా వచ్చింది. అమ్మ మాత్రం ముందురాత్రే గిన్నెలు, బకెట్లు, చివరికి ప్రెషర్ కుక్కరుతో సహా అన్నీ నింపి పెట్టింది. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే ఊళ్ళో జీవితమంతా సంసారం చేసిన మనిషి. ఆ రోజు ఆమె చెప్పినట్టే అందరం విన్నాం, హాయిగా గడిచింది. ఆ కోతలు 2025 ఏప్రిల్‌లో ఎత్తేశారు.

మోన్సెరాతే కొండను కావాలనే శుక్రవారానికి ఉంచాం. అది 3,152 మీటర్లు, ఊరి కంటే మరో 500 మీటర్లు పైన. మొదటి రోజే ఎక్కి ఉంటే అమ్మ తట్టుకునేది కాదు. వారం చివరికి ఆమె ఆక్సిమీటరు 94 చూపిస్తోంది, మెట్ల దగ్గర ఆగడం తగ్గింది. పైకి రైలు, రోప్‌వే రెండూ ఉన్నాయి, రానుపోను మనిషికి ముప్పై వేల పెసోల దరిదాపుల్లో అయింది. ఉదయం తొమ్మిదికి వెళ్తే వరుసలో యాభై నిమిషాలు నిలబడ్డాం. ఇక్కడ కూడా ఒక ఉద్యోగిని వచ్చి పెద్దవాళ్ళను ముందుకు తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. పైన గుడి ఉంది, కిందపడిన క్రీస్తు విగ్రహాన్ని చూడడానికి భక్తులు కాలినడకన కొండెక్కి వస్తారు. చెప్పులు విప్పాలా అని అమ్మ అడిగింది. అక్కర్లేదన్నా విప్పి, చేతిలో పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మేఘం తొలగిన కాసేపు కింద ఊరంతా కనిపించింది. ఎటు చూసినా ఇటుకరంగు ఇళ్ళే, అవతలి అంచు కనిపించనంత పెద్ద ఊరు. నాన్న తల తిరుగుతోందన్నారు. వెంటనే కూర్చోబెట్టి వేడి ఆగ్వాపనేలా తాగించి, అరగంటలో కిందికి దించేశాం. పైన గంటకు మించి ఉండవద్దని నా సలహా.

ఖర్చు చెప్పాలంటే, విమానం ఒక్కొక్కరికి 480 డాలర్లు, థాంక్స్‌గివింగ్ వారం కాబట్టి ఎక్కువే. హోటలు రెండు గదులకు రాత్రికి 85 డాలర్లు. వంట సొంతం కాబట్టి తిండికి పెద్దగా కాలేదు, బయట తిన్న మధ్యాహ్న భోజనం మనిషికి 18,000 పెసోల చొప్పున పడింది. టాక్సీలకే ఎక్కువ పెట్టాం, పెద్దవాళ్ళతో అది తప్పదు.

డిసెంబరు 1, ఆదివారం తిరిగి వచ్చాం. హ్యూస్టన్‌లో ఇమిగ్రేషన్ అధికారి అమ్మానాన్నలను భారతదేశానికి ఎప్పుడు వెళ్తున్నారని అడిగారు. డిసెంబరు 20 టికెట్టు చూపిస్తే పంపించేశారు. ఆ రోజు రెండు గంటల నిరీక్షణ. హైదరాబాదులో దిగినప్పుడు నాన్న పాస్‌పోర్టులో కొలంబియా ముద్ర చూసి, ఎల్లో ఫీవర్ కార్డు ఉందా అని అడిగారట. బొగోటా నుంచి వచ్చిన విమానం బోర్డింగ్ పాసును ఆయన పాస్‌పోర్టు కవరులోనే దాచిపెట్టుకున్నారు. దాని మీది తేదీ, నిష్క్రమణ ముద్ర చూసి, ఆరు రోజులు ఎప్పుడో దాటాయని నిర్ధారించుకుని ఐదు నిమిషాల్లో వదిలేశారు. ఇంటికి చేరాక నాన్న ఫోను చేసి చెప్పిన మొదటి విషయం ఇదే. రెండోది, వచ్చే నెల తన పాత బడికి వెళ్ళి పిల్లలకు ఆండీస్ పాఠం మళ్ళీ చెబుతానని, ఫొటోలన్నీ పెద్ద సైజులో అచ్చు వేయించి పంపమని.